ముందుగదిలో ఆఫీసు పాట

నాకు సంతకం వచ్చు. బస్సు మీద ఊరి పేరు చదువుతాను. అంతకు మించి ఏది చదవాలన్నా అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి, ఈలోగా ముందు చదివింది మర్చిపోతాను. అందుకని ఇది నేను చెబుతుంటే మా అమ్మాయి టైపు చేస్తోంది. మధ్యమధ్యలో ఆపి, "అమా, మెల్లగా సెప్పు, నాకున్నవి రెండు సేతులే" అంటోంది. నా గొంతు బొంగురు. పెళ్లికి ముందు మా అమ్మతో పాటు జీడిపిక్కలు కాల్చే పాకలో పనిచేశాను. ఆ పొగ ఘాటు గొంతులో అలాగే ఉండిపోయింది. ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లు "సార్" అంటారు. ఒకప్పుడు సరిదిద్దేదాన్ని. ఇప్పుడు ఆ ఓపిక లేదు. "ఆఁ, చెప్పండి" అంటాను.

నర్సీపట్నంలో బస్టాండు వెనక సందులో మాది రెండు గదుల ఇల్లు, దానికి ముందు ఇంకో గది. ఆ ముందుగదిలో మా ఆయన మొదట టైపు మిషన్లు పెట్టారు. కొన్నాళ్లకి టైపు నేర్చుకునేవాళ్లు లేక వాటిని పాత ఇనుముకి వేసేసి, ఎక్కడో వాడి తీసేసిన కంప్యూటర్లు ఆరు తెచ్చారు. బోర్డు మీద ఏం రాయించినా జనం మాత్రం "ఆఫీసు నేర్పే ఇల్లు" అనేవారు. ఆఫీసు అంటే కంప్యూటర్లో ఉత్తరాలు రాసేది, గళ్లు గీసి లెక్కలు వేసేది. ఈ ఊళ్లో ఎరువుల కొట్టుకి వెళ్లినా, ప్రైవేటు బడికి వెళ్లినా, జీడిపప్పు వ్యాపారి దగ్గరికి వెళ్లినా, పని కావాలంటే మొదట అడిగేది అదే. "ఆఫీసు వచ్చా?"

మా ఆయన పాఠం చెప్పే పద్ధతి టైపు మిషన్ల నాటిది. నాతవరం నుంచి, కొయ్యూరు నుంచి వచ్చే పిల్లలు తెలుగులో చదువుకున్నవాళ్లు. కంప్యూటరు మీద ఇంగ్లీషు మాటలు చూస్తే వాళ్లకి చీమల బారులాగా ఉండేది. అందుకని ఆయన ఒక్కో పనికీ ఒక్కో పాట కట్టారు. చెక్క స్కేలుతో బల్ల మీద దరువు వేస్తూ ఆయన అందుకుంటే, పిల్లలంతా కలిసి అనేవారు.

"తెల్ల కాగితం వచ్చింది. ఇన్సర్టు నొక్కు, టేబులు నొక్కు, గళ్లు లాగు, వదిలెయ్."

"లేఅవుటు నొక్కు, మార్జిను నొక్కు, సన్నం చూడు, వదిలెయ్."

సందు చివర ఇస్త్రీబండి ఆవిడకి కూడా ఆ పాటలు నోటికి వచ్చు. నేను వంటింట్లో ఆనపకాయ తరుగుతూ వినేదాన్ని. ఏళ్ల తరబడి విని విని అన్నీ బుర్రలో పడిపోయాయి. ఇన్సర్టు అనేది ఎలా ఉంటుందో, ఎక్కడుంటుందో మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ ఎక్కని బస్సు ఏయే ఊళ్లలో ఆగుతుందో వరసగా చెప్పగలిగినట్టు, అంతే.

ఒక వానాకాలం పొద్దున్న ఆయనకి గుండె పట్టేసింది. విశాఖపట్నం పెద్దాసుపత్రి దాకా కూడా వెళ్లలేదు, దారిలోనే పోయారు. దాని గురించి ఇంకేమీ చెప్పను. చెప్పీ చెప్పీ అలిసిపోయాను.

మా అమ్మాయి ఉద్యోగం కోసం వేరే ఊరు చూసుకుంటున్నది కాస్తా ఆగిపోయి, ముందుగదిలో కూర్చుంది. దానికి విషయం బాగా వచ్చు, గొంతే చిన్నది. అది పాట అందుకుంటే మూడో కంప్యూటరు దగ్గరికే వినిపించదు. పిల్లలు గొణుగుతూ, తప్పులు నొక్కుతూ ఉంటే ఒకరోజు వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చాను. గుమ్మంలో నిలబడి, "తెల్ల కాగితం వచ్చింది" అన్నాను. గది గదంతా అందుకుంది. ఆ రోజు నుంచి బోర్డు దానిది, పాట నాది. ఏం నొక్కమంటున్నానో నాకు తెలియదు. నేను నొక్కమన్నది వాళ్లు నొక్కుతున్నారు, వాళ్లకి వచ్చేస్తోంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఇలా ఉండగా కంప్యూటర్ల మీద మళ్లీ ఎర్రపట్టీ రావడం మొదలైంది. ఇది మా ఇంట్లో కొత్త కాదు. ఆయన ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడూ పైన ఎర్రగా ఒక పట్టీ వచ్చేది. ఈ ఆఫీసు మీరు కొన్నది కాదు, కొనుక్కోండి అని అందులో ఉంటుందట. అది రాగానే మిషన్లు బాగుచేసే అతనికి ఫోను చేసేవాళ్లం. అతను ఆయన దగ్గరే నేర్చుకున్నవాడు, నన్ను వదినగారూ అంటాడు. పెన్‌డ్రైవు తెచ్చి ఏదో చేస్తే పట్టీ పోయేది. దాన్ని అందరూ "ఫుల్ వెర్షన్" అనేవారు. దొంగది అని ఎవరమూ అనుకోలేదు. మా సందులో జిరాక్సు షాపుదీ అదే, ఎదురు సందులో ఇంకో సెంటరుదీ అదే. ఊరంతా ఒకటే వండుకు తింటుంటే ఉప్పు ఎక్కడిదని ఎవరు అడుగుతారు?

చివరిసారి ఆ పెన్‌డ్రైవుతో పాటు ఇంకేదో కూడా వచ్చింది. మర్నాటికి కంప్యూటర్లలో ఉన్నవన్నిటికీ తాళాలు పడిపోయాయి. ఏది తెరవబోయినా తెరుచుకోదు. ఆయన పిల్లల కోసం టైపు చేసి పెట్టిన నమూనా ఉత్తరాలు, సెలవు చీటీలు, దరఖాస్తులు అన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కటీ దక్కలేదు. మా అమ్మాయి కుర్చీలో కూర్చుని చాలాసేపు తెర వైపే చూసింది. నేను వెళ్లి బియ్యం కడిగాను.

బాగుచేసే అతను వచ్చి తల గోక్కున్నాడు. "మొత్తం కడిగీసి మల్లీ ఏసెద్దును వదినగారూ. బేగి అయిపోద్ది."

"ఆ ఏసీదాంతోనే కదా బాబాయ్ ఈ జబ్బొచ్చింది" అంది మా అమ్మాయి.

"అయితే కొనీసుకోండి మరి. ఆరింటికీ కొనాల. ఒకసారి కొంటే అయిపోద్దనుకుంతన్నారేటి, ఏడాదేడాదికీ కట్టాల. మాస్టారే కొన్లేదు."

"కొనొద్దు, దొంగదీ వద్దు. ఊరికే ఇచ్చీ ఆఫీసుంది. దాన్నే ఏద్దాం."

నాకు భయం వేసింది. "ఊరికే ఎవులిస్తారే? అందులో ఏటో మెలికుంటాది" అన్నాను.

అది నా పక్కన కూర్చుని చెప్పింది. ఏవేవో దేశాల్లో తెలిసినవాళ్లు చాలామంది కలిసి ఒక ఆఫీసు తయారుచేశారట. ఎవరైనా వాడుకోండి, ఎన్ని మిషన్లలోనైనా పెట్టుకోండి, పక్కవాళ్లకీ ఇవ్వండి అని దాని మీద రాసే ఉందట. పోలీసొచ్చినా, పెద్ద కంపెనీవాళ్లొచ్చినా మనల్ని ఏమీ అనలేరట.

"అంటే చలివేంద్రం నాగా అన్నమాట" అన్నాను.

"చలివేంద్రమే. కాకపోతే కుండ కూడా పట్టుకుపోవచ్చు."

"కుండ పట్టుకుపోతే రేపు నీల్లెవులిస్తారమ్మా?" అన్నాడతను, నవ్వుతూనే.

"ఇది పట్టుకుపోయినా తరగదు బాబాయ్. నువ్వూ ఒకటి పట్టుకెల్లు, నీ షాపులో పెట్టుకో."

"నానెందుకు పెట్టుకుంతాను? అందరూ అదే ఏయించీసుకుంటే నన్నెవుడు పిలుస్తాడు?"

ఫోన్లోనే, నెట్‌లోనే ఉచితంగా రాసుకునేవి కూడా ఉన్నాయని అతనే చెప్పాడు. అవీ దొంగవి కావట. కానీ మా సందులో కాస్త గాలి వీస్తే కరెంటు పోతుంది, దాని వెనకే నెట్టు పోతుంది. పిల్లలు ఉత్తరం సగం రాసి కూర్చోవాలి. కాబట్టి మిషన్లోనే ఉండేది కావాలని అమ్మాయి పట్టుబట్టింది. అతను గొణుగుతూనే అన్నీ కడిగి, ఆరింటిలోనూ ఆ ఉచిత ఆఫీసు వేశాడు. వెళ్తూ వెళ్తూ ఒకటి తన పెన్‌డ్రైవులో వేసుకుపోవడం నేను చూశాను. అడగలేదు.

మర్నాడు పాఠం. నేను చీర కొంగు దోపుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"తెల్ల కాగితం వచ్చింది" అన్నాను. వచ్చిందన్నారు.

"ఇన్సర్టు నొక్కు, టేబులు నొక్కు" అన్నాను.

"ఆంటీ, ఇక్కడ టేబుల్లేదు."

"సరిగ్గా సూడండే."

"ఏదేదో వొచ్చింది ఆంటీ. బొమ్మలెట్టమంటోంది."

"నాకైతే మొత్తం ఎల్లిపోనాది!"

ఒకర్ని చూసి ఒకరు నవ్వు మొదలుపెట్టారు. తప్పు వాళ్లది కాదు. కొత్త ఆఫీసులో ఏ వస్తువు ఎక్కడ ఉందో వేరు. టేబులుకి విడిగా ఒక చోటే ఉందట, మార్జిను ఇంకెక్కడో ఉందట. మేమేమో ఇల్లు మారి, పాత ఇంట్లో ఉప్పు డబ్బా ఉన్న చోటికే చెయ్యి చాచినట్టు, పాత పాట పట్టుకుని కొత్తదాని మీద పడ్డాం. తెరలో ఏముందో నేను ఏనాడూ చూడలేదు, వాళ్లూ చూడటం లేదు. పాట చెప్పిన చోటికి చెయ్యి వెళ్తోంది, అంతే.

ఆ వారంలోనే ఇద్దరు ముగ్గురు ఎదురు సెంటరుకి మారిపోయారు. "ఆల్లకాడ ఒరిజినలుంది ఆంటీ" అన్నారు. అక్కడ కూడా ఎర్రపట్టీయేనని నాకు తెలుసు. పోనీలే అనుకున్నాను.

కొయ్యూరు నుంచి ఒకామె సరిగ్గా అప్పుడే చేరింది. ఇంటర్ దాకా చదివి, పెళ్లి చేసుకుని, మొగుడు పోయి, ఐదేళ్ల కూతురితో తల్లి దగ్గర ఉంటోంది. కొండ మీద వాళ్లకి జీడిచెట్లున్నాయి, విస్తళ్లు కుట్టే అడ్డాకులు కోసి అమ్ముతారు. కూతుర్ని తల్లి దగ్గర వదిలి, ఇక్కడ ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి ఒక గది తీసుకుంది. చేరిన రోజే తన సంగతి దాచకుండా చెప్పేసింది.

"పని దొరికితే పాపని కిందికి తెచ్చుకుని ఇక్కడ బళ్లో ఎయ్యాల అమ్మా. దొరక్కపోతే ఎల్లిపోవాల. పోడు పన్లు మొదలైపోతే మా అమ్మ ఒక్కత్తీ పాపనీ పనినీ సూసుకోలేదు."

నా రాతే తనకీ పడింది కాబట్టి నేను ఇంకేమీ అడగలేదు. మజ్జిగ ఇచ్చాను.

ఆరు కంప్యూటర్లలో ఒకదాన్ని మా అమ్మాయి తెలుగులోకి మార్చి పెట్టింది. ఆ ఉచిత ఆఫీసులో అలాంటి వీలుందట. పైన ఉండే మాటలన్నీ తెలుగులో కనిపిస్తాయి. దాని ముందు కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. "తెలుగులో నేరిస్తే జాబు రాదు మేడమ్" అన్నారు. ఆలస్యంగా చేరింది కాబట్టి కొయ్యూరు ఆమెకి అదే మిగిలింది.

వంట అయ్యాక నేనూ వెళ్లి ఆమె వెనక నిలబడి కూడబలుక్కునేదాన్ని. "ద...స్త్రం. దస్త్రమా! ఇది మా తాతల కాలం మాట కదే."

"ఫైలు అమ్మా, ఫైలుని అలగన్నారు" అంది మా అమ్మాయి.

"చొ...ప్పిం...చు." పక్క కంప్యూటరు పిల్ల కిసుక్కున నవ్వింది. "ఎక్కడ సొప్పించాలంట ఆంటీ?" అంది.

"నీ నోట్లో. మూసుకుని టైపు సెయ్యి" అన్నాను.

కొయ్యూరు ఆమె నవ్వలేదు. "ఇన్సర్టంటే ఇదా? మజ్జిలో పెట్టడమా?" అని మా అమ్మాయిని అడిగింది. అవునంటే, "అయితే పట్టికని మజ్జిలో పెట్టమంటే ఇక్కడే కదా ఎతకాల" అంది. పట్టిక అంటే టేబులని నాకూ అప్పుడే తెలిసింది. అన్నాళ్లు నేను నొక్కమంటూ వచ్చిన వాటికి అర్థాలున్నాయన్నమాట.

అయినా పాట లేకుండా పాఠం చెప్పడం మాకు చేతకాలేదు. మా అమ్మాయి కొత్త ఆఫీసుకి కొత్త పాట కట్టింది. "పట్టిక నొక్కు, చొప్పించు నొక్కు, వరసలు చెప్పు, సరే అను." నేను అది కంఠస్థం పట్టాను. ఒక పిల్ల ఇక్కడ రాసిన ఉత్తరాన్ని జిరాక్సు షాపుకి తీసుకెళ్తే అక్కడ వాళ్ల మిషన్లో వరసలన్నీ చెదిరిపోయి కనిపించాయి. దాచేటప్పుడు ఏ రూపంలో దాచాలని ఇది అడుగుతుందట, అందరి మిషన్లలో తెరుచుకునే రూపం ఎంచుకోవాలట. దానికీ పాటలో ఒక ముక్క కలిపాం. "దాచేముందు అందరి రూపం." ఈ వయసులో కొత్త పాట నేర్వడం తేలిక కాదు. నాలుక పాతదాని మీదికే జారేది.

నెల అవుతుండగా కొయ్యూరు ఆమె పరుగున వచ్చింది. పాయకరావుపేట రోడ్డులో జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో ఒక మనిషి కావాలట. శనివారం వస్తే కంప్యూటరు మీద పరీక్ష పెడతారట. సంతోషం చెప్పిన నోటితోనే దిగులూ చెప్పింది.

"ఆల్లకాడ కంపెనీ ఆఫీసే ఉంటాదంట అమ్మా. ఇది కాదు. రెండూ ఒకటేనా?"

ఒకటే అనేస్తే పోయేది. పాప మొహం గుర్తొచ్చింది, ఫోన్లో చూపించింది ఒకసారి. "తెలీదే తల్లీ" అన్నాను.

"పని అదే. చోట్లు వేరు" అంది మా అమ్మాయి. కంపెనీ ఆఫీసు మా దగ్గర ఒక్క మిషన్లో కూడా లేదు, చూపించడానికి. ఎర్రపట్టీది మళ్లీ తెచ్చి పెట్టమని ఆమె అడగలేదు, మేమూ అనలేదు.

"మాస్టారి పాట దానిదే కదా అమ్మా. అది సెప్పండి నాకు" అంది కొయ్యూరు ఆమె.

ఆ పాట వదిలేసి నెల అయింది. వదిలేశాక ఒకందుకు హాయిగానే ఉంది కూడా, ఎందుకంటే అది అంటున్నంతసేపూ స్కేలు చప్పుడు వినిపించేది. ఆ మధ్యాహ్నం నేను కింద కూర్చుని చెబుతుంటే, ఆమె పీట మీద వేళ్లు ఆడిస్తూ నేర్చుకుంది. పీట మీద మిషను లేదు, తెర లేదు. "లేఅవుటు ఎటేపు ఉంటాదమ్మా?" అంటే నాకు తెలియదు. మా అమ్మాయి గుర్తు చేసుకుని కుడివైపని చూపించేది. సాయంత్రం ఆమె కొండ మీదికి ఫోను చేసి, సిగ్నలు అందినంతసేపూ ఆ పాట కూతురికి అప్పజెప్పేది. ఆ పాపకి అది ఆట అయిపోయింది. అవతల్నుంచి "మల్లీ సెప్పు, మల్లీ సెప్పు" అని అరుపులు.

రెండు పాటలు ఒక నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందో అదే అయింది. "ఇన్సర్టు నొక్కు, చొప్పించు నొక్కు" అనేది, నాలుక కరుచుకునేది. "రెండూ ఒకటే కదే, ఎన్నిసార్లు చొప్పిస్తావు?" అని మా అమ్మాయి నవ్వింది. ఆమెకి నవ్వు రాలేదు.

శనివారం పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "మీరూ రండమ్మా. బయట కూకోండి సాలు" అంది. మోకాళ్ల నొప్పులన్నాను. "ఆటో ఎక్కించి నానే దింపుతాను" అంది. షేరాటోలో నలుగురి మధ్య ఇరుక్కుని వెళ్లాం. దారంతా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి.

అక్కడికి వెళ్లగానే జీడిపిక్క పొగ వాసన. నాకు పాత దగ్గు వచ్చేసింది. ఆఫీసు గది బయట బెంచీ మీద నన్ను కూర్చోమన్నారు. తలుపు తీసే ఉంది. ఆఫీసు చూసే పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి, "ఒక ఉత్తరం కొట్టమ్మా. దాని కింద పప్పు రకాలు, బస్తాలు గళ్లల్లో వేసి మొత్తం చూపించు" అన్నాడు.

ఆమె కూర్చుంది. "తెల్ల కాగితం..." అని గొణిగింది. ఆగిపోయింది.

చప్పుడు లేదు. ఒక మీట నొక్కిన చప్పుడు, మళ్లీ ఏమీ లేదు. తర్వాతి ముక్క నా నాలుక చివరే ఉంది. అరిస్తే ఆ గదికే కాదు, పిక్కలు కాల్చే పాక దాకా వినిపిస్తుంది. కానీ ఏ పాట అందుకోవాలి? ఆ తెరలో ఏముందో నాకు కనబడదు. నేను అరిచిన చోటికి ఆమె చెయ్యి వెళ్తుంది. అక్కడ ఇంకేదో ఉంటే? చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. అన్నాళ్లు నలుగురు పిల్లల ముందు గొంతు చించుకున్నదాన్ని, ఆ కాసేపు నోరు మూసుకోవడానికి పడ్డ కష్టం ఇంతా అంతా కాదు.

లోపల ఆమె గొణుగుడు పూర్తిగా ఆగిపోయింది. కొంతసేపటికి మీటల చప్పుడు మొదలైంది. మెల్లగా, ఆగి ఆగి. ఒకసారి ఆమె గొంతు వినిపించింది. "మొత్తం కూడీది ఎక్కడుందండీ? నాకు కనబడతలేదు." పెద్దాయన కుర్చీ జరిగిన చప్పుడు.

రోడ్డు మీదికి వచ్చి, ఆటో కోసం వేపచెట్టు నీడలో నిలబడ్డాక చెప్పింది.

"మొదటి ముక్కే తప్పమ్మా. తెల్ల కాగితం రాలేదు. రంగురంగుల కాగితాలు బోలెడొచ్చీసి, ఏది కావాలని అడుగుతోంది. మాస్టారి పాటా కాదు, మేడమ్ పాటా కాదు. సెమటలు పట్టీసినాయి. ఇంక పాట మానీసి సదూకున్నాను. ఒక్కో మాటా సదూకున్నాను. తెల్లది దొరికినాది. పైన పట్టీ అంతా ముడుసుకుపోయి ఉంది, ఒట్టి పేర్లే ఉన్నాయి. ఇన్సర్టని ఉంది. చొప్పించడం కదా ఇది, పట్టిక ఇందులోనే ఉండాల అనుకుని నొక్కినాను. ఉంది."

"మొత్తం?"

"అది దొరకలేదు. అడిగీసినాను. ఏటి సేస్తాను? ఆయన సూపించినాడు. ఏ ఆఫీసు నేర్సుకున్నావన్నాడు. ఊరికే దొరికీది, దొంగది కాదండీ అన్నాను. మేడమ్ సెప్పినట్టే సెప్పినాను."

"ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు. నవ్వినాడు. ఆల్ల మిసను మీద కూడా పైన ఎర్రపట్టీ ఉందమ్మా." కొంగుతో మొహం తుడుచుకుంది. "సోమవారం నుంచి రమ్మన్నాడు. ఒక నెల సూసి అప్పుడు సెప్తారంట."

దొరికినట్టా, దొరకనట్టా? నాకు అర్థం కాలేదు, ఆమెకీ కాలేదు. ఆటోలో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నర్సీపట్నం వచ్చేదాకా లేపలేదు.

నెల చూసేదాకా ఆగలేదు ఆమె. మొదటి ఆదివారమే కొండకి వెళ్లి పాపని తెచ్చేసుకుంది. "పంపించీస్తే అప్పుడు సూసుకుందాం అమ్మా. అప్పటిదాకా నా కాడే ఉంటాది" అంది. వాళ్లు పనిలోంచి పంపించలేదు. జీతం పెంచనూ లేదు. బడి అయ్యాక సాయంత్రం దాకా పాప మా ఇంట్లో ఉంటుంది.

కొత్త బ్యాచి మొదలయ్యే ముందు మా అమ్మాయి నా పక్కన కూర్చుని కాళ్లు పడుతూ, చెప్పలేక చెప్పింది. "అమా, ఈసారి పాట వద్దు. పాట ఉంటే ఆల్లు తెర సూడరు. చదివి ఎతుక్కోమందాం. ముందు తెలుగులో, తరవాత ఇంగ్లీషులో."

"నా గొంతుకీ సుఖమే" అన్నాను. అది నా మొహం వైపు చూసింది. నేను కాళ్లు వెనక్కి తీసుకుని, "పప్పు మాడుతోంది, సూడు" అన్నాను.

ఇప్పుడు ఆరు కంప్యూటర్లకి మూడు తెలుగులో ఉన్నాయి. ఎదురు సెంటరు నుంచి ఒక పిల్ల తిరిగొచ్చింది, మిగతావాళ్లు రాలేదు. గది నిశ్శబ్దంగా ఉంటుంది. మీటల చప్పుడు, ఫ్యాను చప్పుడు. అప్పుడప్పుడూ ఎవరో "ఇదెక్కడుంది మేడమ్" అంటే, మా అమ్మాయి "చదువు, కనిపిస్తాది" అంటుంది. ఇస్త్రీబండి ఆవిడ ఒకరోజు ఆగి అడిగింది. "ఏటమ్మా, సెంటరు మూసీసినారా?" లేదన్నాను. పాఠం జరిగే వేళకి నేను అలవాటుగా కత్తిపీట ముందే కూర్చుంటాను. చెవి మాత్రం ముందుగది వైపే ఉంటుంది. వినడానికి ఏమీ ఉండదు.

నిన్న సాయంత్రం పాప మా పెరట్లో బొగ్గుముక్కతో గళ్లు గీసుకుని తొక్కుడుబిళ్ల ఆడుతోంది. ఒంటికాలి మీద గెంతుతూ ఏదో అంటోంది. మొదట నేను పట్టించుకోలేదు.

"ఇన్సర్టు నొక్కు, టేబులు నొక్కు, గల్లు లాగు, వదిలెయ్!"

వదిలెయ్ అన్నప్పుడు రెండు కాళ్లూ కింద పెట్టింది. మళ్లీ మొదటి గడిలోకి వెళ్లింది. మా అమ్మాయి ముందుగదిలోంచి తల బయటికి పెట్టి నా వైపు చూసింది. నేను చింతపండు పిక్కలు తీస్తూ, "మెల్లగా గెంతవే, పడిపోతావు" అన్నాను. నా గొంతుకి ఆ పిల్ల ఒకసారి ఉలిక్కిపడింది. తర్వాత మళ్లీ గెంతింది.